హస్తవాసియు, నక్షత్రములును

మన తెలుగునాట వైద్యుని మెచ్చుకొనుటకు "హస్తవాసి" యను మాట యొకటి కలదు. "ఆయన హస్తవాసి మంచిది" అని యొక పెద్దమ్మ నోట వచ్చినచో, ఇక నా వైద్యుని పట్టములను గూర్చి గాని, గుమ్మమునకు వ్రేలాడు బల్లమీది యక్షరములను గూర్చి గాని యెవ్వరును అడిగెడివారు కారు. ఆ మాట యూరక పుట్టెడిది కాదు. పది కాన్పులు క్షేమముగా జరుగవలెను. పది యిండ్లలో జ్వరములు దిగవలెను. తనవల్ల గానిచోట "ఇది నా చేతిలో లేదమ్మా, ఆలస్యము చేయక బందరు తీసికొనిపొండు" అని నిజము చెప్పియుండవలెను. ఒక్క యూరిలో, అందరి కన్నుల యెదుట, ఇరువది యేండ్లు మెలగినవానికి గాని యా పేరు దక్కెడిది కాదు. హస్తవాసి మాటున చదువులేని వైద్యులును కొందరు బ్రతికిరి. దానివలన ప్రాణములు పోయిన సందర్భములును గలవు. అయినను ఆ మాట చెప్పిన మనిషి యెవరో మనకు దెలియును. ఆమె ఏ బాధతో వెళ్లినదో, ఎట్లు తిరిగివచ్చినదో, ఆరునెలల తరువాత ఎట్లున్నదో కూడ దెలియును.

నేడు హస్తవాసి స్థానమును నక్షత్రము లాక్రమించినవి. చేతిలోని ఫోనులో వైద్యుని పేరు వ్రాసినంతనే అయిదింటికి నాలుగు ముప్పాతిక యనియో, మూడున్నర యనియో చుక్కలు కనబడును. వాని క్రింద వందలకొలది మెప్పులు, నడుమ నడుమ కొన్ని తిట్లు. ఆ ప్రక్కనే వైద్యుడు తెల్లని యంగీ తొడిగి, చిరునవ్వుతో వ్యాధులను గూర్చి యుపన్యసించు చలనచిత్రములు. ఏ శస్త్రవైద్యునికి మన శరీరమును అప్పగింపవలయునో ఈ చుక్కలను జూచి నిర్ణయించుకొను కాలము వచ్చినది. ఈ చుక్కలు దేనిని కొలుచుచున్నవి? అంతర్జాలమున నెక్కువగా గనబడు శస్త్రవైద్యునకే యెక్కువ మెప్పు లేల వచ్చును? అది ఆతని కత్తినేర్పునకు గురుతా, లేక మరి దేనికైన గురుతా? మన ఆడువారికి ఈ ప్రశ్న ప్రాణముతో ముడివడిన ప్రశ్న. ఎట్లన, ఒక యింటి సంగతిని మీ ముందుంచెదను.

మా పెద్ద ఆడపడుచుగారు దివిసీమలో నొక పల్లెయందు కాపురముందురు. వయస్సు నలువదిమూడు. ఏడాదిపాటు నెలనెలయు మితిమీరిన రక్తస్రావముతో బాధపడి, మెట్లెక్కిన ఆయాసము, కూర్చుండి లేచిన కన్నులు తిరుగుట మొదలైన తరువాత గాని యింట నోరు విప్పలేదు. మన ఆడువారి సంగతి మీకు దెలియనిదా! రక్తపరీక్ష చేయింపగా హిమోగ్లోబిను ఎనిమిదికి దిగియున్నది. స్కానింగులో గర్భాశయమున నిమ్మకాయంత గడ్డ యున్నదని తేలినది. వైద్యము కొరకు వదినగారు కూచిపూడిలో మా యింటికి వచ్చి దిగిరి. ప్రవాసాంధ్రుల విరాళములతో సిలికానాంధ్రవారు నిర్మించిన సంజీవని ఆసుపత్రి మా యూరనే యున్నది. అయినను, శస్త్రచికిత్స యను మాట వినబడినంతనే పామర్రు, ఉయ్యూరుల మీదుగా బెజవాడ బస్సెక్కుట మా ప్రాంతమువారికి తరతరముల యలవాటు.

అమెరికాలో నున్న మా మేనల్లుడు ఆ రాత్రియే ఫోనులో వెదకి యొక శస్త్రవైద్యుని పేరు పంపెను. "అత్తయ్యా, ఈయనకు నాలుగు పాయింటు తొమ్మిది ఉంది. పన్నెండువందలమందికి పైగా మెచ్చుకొన్నారు. వీడియోలు కూడా చూశాను, చక్కగా చెబుతున్నారు. అమ్మను అక్కడికే తీసుకువెళ్లండి" అని బ్రతిమాలెను. సముద్రముల కావల నున్న కొడుకు తల్లికి చేయగల సేవ యదియే గదా! మేము వెళ్లితిమి. మందిరమువలె మెరయు ఆసుపత్రి. కూర్చుండిన పది నిమిషములకే పిలుపు వచ్చినది. వైద్యుడు మర్యాదస్థుడు, నవ్వుచు మాటాడెను. స్కానింగు కాగితము చూచి, గర్భసంచిని, అండాశయములను కూడ తీసివేయుట మంచిదనియు, ఈ వారమే యైన మరింత మంచిదనియు, ఉంచినచో ముందు ముందు క్యాన్సరు భయ ముండుననియు చెప్పెను. ఇద్దరు పిల్లలు పుట్టి పెద్దవారైన తరువాత ఆ సంచితో పని యేమి యని కూడ అనెను.

ఇంటికి వచ్చిన తరువాత వదినగారు చాలసేపు మాటాడలేదు. రాత్రి కొడుకు ఫోను చేసినపుడు మాత్రము ఒక్క మాట యడిగిరి. "ఒరే నాన్నా, ఆయనకు పన్నెండువందలమంది చుక్కలు పెట్టారన్నావు గదా. వారిలో ఆపరేషను అక్కరలేదని చెప్పించుకొని ఇంటికి తిరిగివచ్చినవారు ఒక్కరైనా ఉన్నారేమో చూడు." పిల్లవాడు రెండు గంటలు చదివెను. ఆసుపత్రి శుభ్రమును మెచ్చినవారున్నారు. నర్సుల ఓపికను, కుట్టు కనబడకుండుటను, మూడవనాడే యింటికి పంపుటను మెచ్చినవారున్నారు. వదినగారడిగిన మనిషి మాత్రము వానికి కనబడలేదు.

సోదరీమణులారా! ఎనిమిదవ తరగతితో చదువు మానిన ఆ యిల్లాలు అడిగిన ప్రశ్నలోనే యీ విషయమంతయు నిమిడియున్నది. అనవసరమైన శస్త్రచికిత్స నేర్పుగా చేయబడినయెడల దానిని చేయించుకొన్న యామె సంతోషముగానే యింటికి వెళ్లును. స్రావము నిలిచినది, నొప్పి తగ్గినది, పుండు మానినది. ఆమె మనఃపూర్వకముగా అయిదు చుక్కలు పెట్టును. అందు అబద్ధ మేమియు లేదు. అది అక్కరలేకుండెనని యామెకు తెలియుట కవకాశమే లేదు. "నీకు శస్త్రచికిత్స వలదు" అని చెప్పి మాత్రలు వ్రాసియిచ్చి పంపిన వైద్యునకో? ఆయనకు కృతజ్ఞతతో చుక్కలు పెట్టువారు అరుదు. జరుగని దానికి మెప్పు వ్రాయుట యెవరికి తోచును?

ఈ మాట మన రాష్ట్రపు ఆడువారి విషయమున నెంత ముఖ్యమో యంకెలే చెప్పుచున్నవి. 2019 మొదలు 2021 వరకు జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల వయస్సు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి సుమారు ముగ్గురుండగా, ఆంధ్రప్రదేశమున సుమారు తొమ్మండ్రుండిరి. వ్యాధులు మన యొక్క రాష్ట్రమునందే మూడింతలుగా నుండునా? ఈ శస్త్రచికిత్సలలో మూడింట రెండు వంతులకు పైగా ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవే. అనవసరముగా గర్భసంచులను తీయుటను అరికట్టుటకు కేంద్ర ఆరోగ్యశాఖవారు 2022లో మార్గదర్శకములను వెలువరించిరి. వానిని మూడు నెలలలో అమలుపరుపవలసినదని 2023 ఏప్రిలులో సుప్రీముకోర్టువారు రాష్ట్రముల నాదేశించిరి. గర్భసంచితోపాటు అండాశయములను కూడ చిన్నవయస్సుననే తీసివేసినచో ముట్లు హఠాత్తుగా నుడిగి, ఎముకలు పలుచబడుట, గుండెజబ్బుల భయము హెచ్చుట మొదలగునవి కలుగును. ఈ నష్టములు పది పదునైదేండ్లకు గాని బయటపడవు. చుక్కలు పెట్టునది మాత్రము పదవనాడు.

ఇక నంతర్జాలమున కనబడుటకును చుక్కలకును గల సంబంధమును విచారింతము. మా కూచిపూడివారికి ప్రవేశ దరువు క్రొత్త కాదు. భామాకలాపమున సత్యభామ తెర వెనుకనుండి ముందుగా తన జడను తెరమీదికి వేసి, పిమ్మట తన గొప్పను తానే చెప్పుకొనుచు వచ్చును. ప్రతి పాత్రయు నట్లే. తా నెవరో, ఎంతటివాడో తానే పాడి యాడి చెప్పవలెను. అది కళాధర్మము. కాని యెదుట కూర్చుండిన మా యూరి పెద్దలు ఆ దరువును విని తలయూపి యూరకుండెడివారు కారు. అడుగు తాళమునకు పడినదా, అభినయము భావమునకు తగినదా యని రాత్రి తెల్లవారువరకు చూచి గాని మెప్పు నిచ్చెడివారు కారు. నేటి వైద్యుని చలనచిత్రము ప్రవేశ దరువు వంటిది. చిక్కేమనగా, ప్రవేశ దరువునకే బహుమానము ముట్టుచున్నది. ఆట యెట్లున్నదో చూచి తీర్పుచెప్పగల పెద్దలు ప్రేక్షకులలో లేరు. మత్తుమందిచ్చి పడుకొనబెట్టిన రోగికి తన శస్త్రచికిత్స యెట్లు జరిగినదో యేమి దెలియును?

పైగా చుక్కలు తమంతట తాము రాలునవి కావు. వాని పుట్టుక నొకసారి చూడుడు. అంతర్జాలమున తన కొక స్థానమేర్పరచుకొన్న వైద్యుని యొద్ద ఆ పనికై జీతగాండ్రో, గుత్తకు చేయు సంస్థలో యుందురు. రోగి డబ్బు చెల్లించి వెళ్లుచుండగనే ఫోనునకు సందేశము వచ్చును. తృప్తిగా కనబడినవారిని "ఒక్క మాట వ్రాసి పొండు" అని కోరుదురు. కోరినచో సగటు మనిషి మంచియే వ్రాయును. అట్లు పదివందలు చేరినపుడు ఒకటి రెండు తిట్లు వచ్చినను వాని బరువు తెలియదు. ఈ యేర్పాటు లేని వైద్యుని పుటలోనికి పిలువకుండ వచ్చువా డెవడు? కోపము వచ్చినవాడు. ఇరువదిమంది వ్రాసినచోట నలుగురు కోపిష్ఠులున్న చాలును, చుక్కలు దిగిపోవును. ఇద్దరి చేతినేర్పు నొక్కటియే కావచ్చును. ఒకరికి అడుగువా రున్నారు, మరియొకరికి లేరు. అంతయే భేదము. వృద్ధులు, చదువురానివారు, ప్రభుత్వాసుపత్రిలో వైద్యము పొందిన నిరుపేదలు ఈ లెక్కలోనికి రానే రారు.

ఈ విషయమును శోధించి చూచినవారును కలరు. అమెరికాలో కొన్ని రాష్ట్రములవారు గుండె రక్తనాళముల శస్త్రచికిత్సలలో ఒక్కొక్క శస్త్రవైద్యుని చేతిమీద ఎందరు మరణించిరో, రోగుల యవస్థను గూడ లెక్కకు దీసికొని, ప్రకటింతురు. 2016లో ప్రచురింపబడిన యొక పరిశోధనలో, అట్టి అయిదు రాష్ట్రముల శస్త్రవైద్యులు సుమారు 600 మందికి అంతర్జాలమున వచ్చిన చుక్కలను ఆ మరణముల లెక్కతో ప్రక్క ప్రక్కన బెట్టి చూచిరి. రెంటికిని ఏ సంబంధమును కనబడలేదు. 2018లో లాస్ ఏంజిలిసులోని సీడర్స్-సైనాయి వైద్యకేంద్రమువారు ఎనిమిది శాఖలకు చెందిన 78 మంది వైద్యులను పరిశీలించిరి. అంతర్జాలపు చుక్కలు వైద్యపు నాణ్యతను గాని, తోటి వైద్యుల యభిప్రాయమును గాని సూచింపజాలకున్నవని వారును తేల్చిరి. చుక్కలు అబద్ధములని దీని యర్థము కాదు. వేచియుండు కాలము, మాటతీరు, గదుల శుభ్రత, బిల్లు: ఇవి రోగికి దెలిసిన సంగతులు, వానిని రోగి సరిగానే చెప్పును. శరీరములోపల జరిగినది రోగికి దెలియదు. కనుక చుక్కలకును దెలియదు.

ఇదంతయు క్రొత్త రోగమని యనుకొనవలదు. వైద్యమునకును ప్రకటనకును చెలిమి పాతదియే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మా కృష్ణాజిల్లా ఎలకుర్రువారు. 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించి, సంగీతసభలలో దానిని ఉచితముగా పంచి ప్రచారము చేసిరని చెప్పుదురు. స్త్రీల పత్రిక యైన గృహలక్ష్మిని 1928లో స్థాపించిన కేసరిగారు స్త్రీల యౌషధమైన లోధ్రకు అధిపతులే. అయితే ఒక భేదము కలదు. తలనొప్పి మందు పనిచేయకున్న మరునాడు కొనము. పోయినది అణా డబ్బులు. శస్త్రవైద్యుని కత్తికి మరునాడు లేదు. తీసిన యవయవమును తిరిగి పెట్టువా రెవ్వరు? అందుచేతనే మన దేశపు వైద్యమండలివారు 2002లో చేసిన నీతినియమములలో రోగులను తనవైపు ఆకర్షించుటకై ప్రకటించుకొనుట తప్పని విధించిరి. క్రొత్తగా వైద్యము ప్రారంభించుట, చిరునామా మార్పు, సెలవునుండి తిరిగివచ్చుట వంటి సంగతులను మాత్రము పత్రికలలో తెలుపవచ్చునన్నారు. జాతీయ వైద్య కమిషనువారు 2023 ఆగస్టు నెలలో వెలువరించిన నియమములు మరియు ముందునకు బోయి, మెప్పులను, అనుచరులను డబ్బిచ్చి కొనరాదనియు, వెదకినపుడు తన పేరు మొదట వచ్చునట్లు సొమ్ము చెల్లింపరాదనియు, రోగుల ప్రశంసలను అడిగి ప్రకటింపరాదనియు చెప్పినవి. కాని ఆ నెలలోనే వాని యమలు నిలిపివేయబడి, 2002 నాటి నియమములే మరల వర్తించినవి. వినియోగదారుల వ్యవహారముల శాఖవారు 2022 నవంబరులో అంతర్జాలపు అభిప్రాయములకై యొక ప్రమాణమును వెలువరించిరి గాని, దానిని స్వచ్ఛందముగా పాటింపదగినదిగనే యుంచిరి.

అట్లని, వైద్యులు ప్రజల కనబడకుండ గోడల వెనుక నుండవలె నందునా? కానేకాదు. బెజవాడలో స్త్రీలకు వైద్యము చేసిన డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారు ప్రసూతిని గూర్చియు, శిశుపోషణను గూర్చియు తెలుగున గ్రంథము వ్రాసిరి. మా మొవ్వ మండలములోని పెదముత్తేవిలో 1925లో జన్మించి, హైదరాబాదు నిమ్సునకు సంచాలకులై, 2021లో కీర్తిశేషులైన డాక్టరు కాకర్ల సుబ్బారావుగారును తెలుగువారికి ఆరోగ్యవిషయములను తెలుగున చెప్పుటకు శ్రమించినవారే. వారి కాలమున నది పుస్తకము, నేడు చలనచిత్రము. ముట్లుడుగు వయస్సులో శరీరమున జరుగు మార్పులను నేను దెలిసికొన్నదియు ఫోనులో నొక వైద్యురాలు తెలుగున చెప్పగా విని. అందరిముందు అడుగుటకు సిగ్గుపడు ప్రశ్నకు వంటింట నొంటరిగా జవాబు వినగలుగుట మన ఆడువారికి చిన్న మేలు కాదు. బోధించుట వేరు, పిలుచుకొనుట వేరు. "ఈ లక్షణ మున్నచో వైద్యుని చూడుడు" అనునది బోధ. "నన్నే చూడుడు" అనునది పిలుపు. రెండును నొక్క తెరమీదనే కనబడుటచేత మనకు భ్రాంతి కలుగుచున్నది.

మరి నిజమైన కొలత యుండదా యందురా? ఉండును. నూరేండ్లకు పూర్వమే బోస్టను నగరమున ఎర్నెస్టు కాడ్మన్ అను శస్త్రవైద్యుడు, ప్రతి రోగిని శస్త్రచికిత్స యైన యేడాది తరువాత మరల చూచి, ఫలిత మేమైనదో వ్రాసియుంచి ప్రకటింపవలెనని పట్టుబట్టెను. పెద్ద యాసుపత్రివారు ఒప్పుకొనకుండుటచేత 1914లో అచ్చట నుద్యోగము వదలివేసెను. తన సొంత యాసుపత్రిలో 1911 మొదలు 1916 వరకు చికిత్స పొంది వెళ్లిన 337 మంది రోగుల ఫలితములను అచ్చువేసి, అందు 123 పొరపాట్లు జరిగినవని తానే లెక్కచెప్పెను. తన దరువులో తన తప్పులనే పాడుకొన్న మహానుభావుడు! ఆయన జీవితకాలమున నాదరణ దొరకలేదు. న్యూయార్కు రాష్ట్రమువారు 1989 నుండి గుండె శస్త్రచికిత్సల ఫలితములను సేకరింప దొడగిరి. ఒక పత్రిక న్యాయస్థానమున కెక్కి గెలిచిన మీదట 1991లో శస్త్రవైద్యుల వారీగా ఆ లెక్కలు ప్రజలకు దెలిసినవి. ఇట్టి లెక్కలకు భయపడి కొందరు వైద్యులు మిక్కిలి జబ్బుపడినవారిని ముట్టకుందురేమో యను వాదమును కలదు. అందులో కొంత సత్యము లేకపోలేదు. అయినను చిరునవ్వునకు పడిన చుక్కలకంటె బ్రతికి బయటపడినవారి లెక్క మేలు గదా! మన దేశమున శస్త్రవైద్యుల వారీగా ఇట్టి పట్టికలను ప్రజలకు తెలుపు నేర్పాటు లేదు. అది లేనంతకాలము చుక్కలే రాజ్యమేలుచుండును.

వదినగారి సంగతి ముగింపక మానరాదు. మా వీధిలో నొకరు చెప్పగా, బెజవాడలోనే యొక సందులో నున్న వృద్ధురాలైన శస్త్రవైద్యురాలి యొద్దకు వెళ్లితిమి. మేనల్లుడు ముందుగనే వెదకి, "అత్తయ్యా, ఆవిడకు మూడున్నర కూడా లేదు. వ్రాసినవారు పందొమ్మిదిమందే. మూడు గంటలు కూర్చోబెడతారట, కసురుతారట" అని భయపడెను. వాడు చెప్పిన దేదియు తప్పు కాలేదు. మూడు గంటలు చెక్కబల్లమీద కూర్చుంటిమి. లోపల మాత్రము ఆమె వదినగారిని పరీక్షించుటకును ప్రశ్నించుటకును చాలసేపు తీసికొనిరి. గర్భాశయపు లోపలి పొరనుండి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిరి. దానిలో చెడుగు లేదని తేలిన తరువాత, "గడ్డ ఉన్నంతమాత్రాన సంచి తీయనక్కరలేదమ్మా. ముట్లుడిగిన తరువాత ఇటువంటివి చాలవరకు కుదించుకొనిపోతాయి. ముందు నీ రక్తము సంగతి చూద్దాము" అని ఇనుపధాతువు మాత్రలు వ్రాసి, గర్భాశయములో నమర్చు హార్మోను సాధనమును పెట్టిరి. దానికిని తగ్గనిచో గడ్డను మాత్రమే తీయవచ్చుననియు, అదియు చాలనిచోట సంచి తీయుట చివరి మెట్టనియు వరుసగా చెప్పిరి. నేటికి ఏడాదిన్నర యైనది. స్రావము చాలవరకు తగ్గినది. హిమోగ్లోబిను పన్నెండునకు చేరినది. వదినగారు మరల ధాన్యపు కళ్లమున నిలువబడి కూలీలకు కొలతలు వేయించుచున్నారు.

మొదటి శస్త్రవైద్యునికి అన్యాయము చేయరాదు. మా పొరుగింటి యామెకు అండాశయమున పెరిగిన పెద్దగడ్డను ఆయనయే తీసెను. అది తీయవలసినదే, ఆమె నేడు క్షేమముగా నున్నది. ఆయన చేతినేర్పు నిజమే. చేయి నేర్పరి యగుట యొకటి. ఎప్పుడు చేయి చాపరాదో యెరుగుట మరియొకటి. చుక్కలు మొదటిదానినే సరిగా చెప్పజాలవు. రెండవదానిని గూర్చి వానికి మాటయే లేదు. రెండవ వైద్యురాలి పుటలో నున్న తిట్లలో నొకటి మా మేనల్లుడు తరువాత చదివి వినిపించెను: ఎంతో దూరమునుండి వచ్చి ఆపరేషను చేయుమనిన చేయక మాత్రలిచ్చి పంపినదని ఒకరు కోపించి ఒక్క చుక్కయే పెట్టిరి! ఆ యొక్క చుక్క నా దృష్టికి అయిదింటికంటె కాంతివంతముగా గనబడినది.

చదువరులారా! శస్త్రచికిత్స మాట వచ్చినపుడు ఫోనును మూసివేయుడని నేను చెప్పను. వైద్యుని పట్టము, నమోదు నిజమైనవో కావో తెలిసికొనుటకు, చిరునామాకు, ఖర్చుల యంచనాకు అది యుపకరించును. చుక్కలను చదివినపుడు లెక్కను వదలి మాటలను చదువుడు. ఒకే రోజున, ఒకే రీతిగా వ్రాయబడిన పొగడ్తలను ప్రక్కకు నెట్టుడు. ఆరునెలలు, ఏడాది గడచిన తరువాత వ్రాసినవారికి విలువ నిండు. పిమ్మట వైద్యుని యెదుట కూర్చుండి, సిగ్గు విడిచి, ఈ ప్రశ్నల నడుగుడు. ఈ శస్త్రచికిత్స చేయించుకొనకున్న నా కేమగును? దీనికంటె చిన్న చికిత్స లేవైన గలవా? ఆరు వారములు ఆగిన ప్రమాదమా? ఏయే యవయవములు తీయుదురు, అండాశయముల నుంచుదురా? ఏడాదికి మీ రిట్టివి ఎన్ని చేయుదురు? కష్టము వచ్చినచో నెట్లు? మత్తుమందిచ్చు వైద్యు లెవరు? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపగింపడు. కోపగించినచో నదియు నొక జవాబే. ప్రాణాపాయము లేనిచోట రెండవ వైద్యుని యభిప్రాయము తీసికొనుట మొదటివారి కవమానము కాదు. పట్టుచీర కొనుటకు నాలుగు దుకాణములు తిరుగు మనము శరీరమునకై రెండు గుమ్మములైన నెక్కరాదా?

కడపటి మాట. చుక్కలు వలదని త్రోసిపుచ్చుటకంటె వానిని నిజమైనవానిగా చేయుట మేలు. శస్త్రచికిత్స చేయించుకొన్న సోదరి పదవనాడు కాక, ఏడాది గడచిన తరువాత వ్రాయవలయును. ఏ బాధకై వెళ్లినదో, ఏ చికిత్స జరిగినదో, ఇప్పుడు పని చేసికొనగలుగుచున్నదో లేదో వ్రాయవలయును. శస్త్రచికిత్స లేకయే స్వస్థత పొందినవారు తప్పక వ్రాయవలయును. వారి మౌనమే నేడు లెక్కను తారుమారు చేయుచున్నది. వదినగారికి ఫోనులో వ్రాయుట రాదు. తాను చెప్పుచుండగా మా మేనల్లుడు వ్రాసెను: "మూడు గంటలు కూర్చోబెట్టారు. కసిరారు. నా సంచి నాకే ఉంచారు." అయిదు చుక్కలు పెట్టుమనిరి. ఆ పుటలో నిరువదవ యభిప్రాయ మదియే. ఇరువదియొకటవది చదువరులలో నెవరిదైన కావచ్చును. ఆ వైద్యురాలిని గూర్చియే కానక్కరలేదు, మీ మీ యూళ్లలో నట్టివా రున్నారు. వారిని గూర్చి వ్రాయుడు.